పొలుసుల్లేని వాలుగ

బోధన్‌లో కాలిన మోటార్లకు తీగ చుట్టే ఏసుదానం ఆ పొద్దున లేస్తూనే గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఇశ్రాయేలీయులకు దేవుడు పెట్టిన తిండి నియమాలు తన వంటింట్లో కూడా నడవాల్సిందే. నెల రోజులుగా బైబిల్లో లేవీయకాండం, దాని ముందూ వెనకా కాండాలూ చదివిన ఫలితం అది. నియమం మంచిదే కాని, ఎంచుకున్న రోజే మంచిది కాదు. క్రిస్మస్ పాటల్లో డోలక్ తాళం తప్పిందని తాను నలుగురిలో అన్నందుకు రెండేళ్ల కిందట అలిగిపోయిన బావమరిది పాల్ రాజ్, మళ్లీ ఈ గడప తొక్కుతున్నది ఆ రోజే.

"మా తమ్ముడు ఇయ్యాల మల్ల అలిగి పోయిండంటే, వాని ఎంబడి నేను గూడ మా అమ్మగారింటికి వర్ని బస్సెక్కుత," అని భార్య ఎస్తర్ ముందే చెప్పింది.

"అలిగెటందుకు ఏమున్నది? మేక కూర తెచ్చిన గద! పెరుగొక్కటి ఎయ్యకు. మేకపిల్లను తల్లి పాలల్ల వండొద్దని ఉన్నది."

"పెరుగు బర్రెది. బర్రె మేకకు తల్లెట్లయితది?"

ఏసుదానం కాండాలన్నీ తిరగేసినా బర్రె పెరుగు ఊసు కనిపించలేదు. అయినా పట్టు విడవలేదు. ఎస్తర్ పెరుగు లేకుండానే కూర వండింది.

అంతలో పాల్ రాజ్ పెద్ద వాలుగ చేపతో దిగాడు. "అక్కకు వాలుగంటే పానం. కాలువల నేనే పట్టిన బావా," అని దాన్ని చేతిలో పెట్టి, పాత దోస్తులను పలకరించడానికి బజారుకు వెళ్లాడు. ఎస్తర్ అప్పటికే కొత్తిమీర కోసం బయటికి పోయి ఉంది. ఏసుదానం చేపను తల నుంచి తోక దాకా నిమిరాడు. రెక్కలూ పొలుసులూ ఉన్న చేపనే తినాలని నియమం. దీనికి పొలుసన్నది లేదు. గుండె రాయి చేసుకుని, చప్పుడు కాకుండా దాన్ని గోడ మీదుగా పక్కింటి రాములవ్వ వాకిట్లోకి దించాడు.

కాసేపటికి గోడ మీద రాములవ్వ తల కనిపించింది. "కొడుకా, మీ చాపను మా పిల్లి ఎత్తుకొచ్చినట్టున్నది. కడిగి తెచ్చిన, తీస్కో."

బావమరిది తెచ్చినదాన్ని వద్దంటున్నానని చెప్పడానికి నోరు రాలేదు. "దాని సంగతి జెర నువ్వే సూడవ్వా," అని తిరిగి అందించాడు. ఇంట్లో చుట్టం ఉన్నాడు, ఎస్తర్‌కు తీరిక లేక తనను వండిపెట్టమన్నారు కాబోలు అనుకుని, రాములవ్వ చింతపండు నానబెట్టింది.

భోజనాల దగ్గర చేప ఏదని పాల్ రాజ్ అడిగాడు.

"పిల్లి ఎత్తుకపోయింది," అన్నాడు ఏసుదానం.

"అంత చాపను పిల్లి మోస్తదా? నాడు నా డోలక్ ఒద్దంటివి, నేడు నా చాప ఒద్దంటివి. నేనే ఒద్దని చెప్పరాదు బావా!" పాల్ రాజ్ లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎస్తర్ సంచీ తీసి చీరలు సర్దసాగింది.

సరిగ్గా అప్పుడే గోడ మీద నుంచి, నాలుగు కొసలు కలిపి ముడివేసిన దుప్పటి ఒకటి మెల్లగా దిగింది. "ఎస్తరూ, అందుకో బిడ్డా! గిన్నె కాలుతదని సద్దర్ల కట్టిన. మీ ఆయన ఇచ్చిన చాపనే," అంది రాములవ్వ.

పాల్ రాజ్ ముడి విప్పి వాసన చూశాడు. "అక్కా, మీ పిల్లి పులుసు మంచిగ పెడ్తది."

ఏసుదానం తల దించుకుని పొలుసుల సంగతంతా చెప్పేశాడు. ఎస్తర్ సంచీ పక్కన పెట్టి అందుకుంది:

"బైబిల్ల పేతురు మిద్దె మీద ఆకలితోని ఉంటే పైనుంచి గిట్లనే దుప్పటి దిగలేదా? దాంట్ల తినొద్దన్నయి గూడ, అన్ని తీర్ల జీవాలుండె. దేవుడు తినుమంటే పేతురు నీ లెక్కనే ఒద్దన్నడు. ఆ నియమాలు ఇశ్రాయేలును వేరుగ ఉంచెటందుకు. దుప్పటి దించింది, వేరే అనుకున్నోళ్లతోని కూసొని తినెటందుకు. పేతురుకు మూడుసార్లు చెప్పవల్సొచ్చింది. నీకైతే దేవుడు రెండోసారికే వండి పంపిండు!"

ఏసుదానం లేచి బావమరిది చెప్పులు తానే తీసి మూలకు పెట్టాడు. రాములవ్వను కూడా పిలిచాడు. పొద్దున ఎంత పట్టుదలగా వద్దన్నాడో అంత పట్టుదలగా పులుసు మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. ఆ తర్వాత పాల్ రాజ్ గోడకు వేలాడే డోలక్ అందుకుని రెండుచోట్ల తాళం తప్పాడు. ఏసుదానం నోటిలోకి పోయేదాని గొడవ మాని, నోటి దాకా వచ్చిన మాటను మింగాడు.

నియమం తప్పకుండా వండిన మేక కూరను మాత్రం ఎవరూ ముట్టలేదు. సాయంత్రం దాన్ని పిల్లి తిన్నది.