డాక్టరు గారి హస్తవాసి

మంగళవారం పొద్దున పదిన్నరకు చిక్కడపల్లిలోని కరుణాహస్త నర్సింగ్ హోమ్ ఆపరేషన్ థియేటర్లో డాక్టర్ సూర్యనారాయణమూర్తి గారి కుడిచెయ్యి, స్టాఫ్ నర్సు మనోరమ ఎడమ చెంప ఒకదానికొకటి తగిలాయి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. రెండింటిలో ఏది దేని దగ్గరికి నడిచి వెళ్లిందన్న చోటే తర్వాత కొంత గందరగోళం ఏర్పడింది.

డాక్టరు గారు సామాన్యులు కారు. ముప్పై ఏళ్లుగా కడుపులు కోసి కుట్టిన చెయ్యి ఆయనది. నారాయణగూడ నుంచి రాంనగర్ దాకా ఎవరినడిగినా "ఆయన హస్తవాసి మంచిది" అంటారు. అంతటివారికి పనిముట్ల పేర్లు పలికే తీరిక ఉండదు. చెయ్యి చాపి "అది ఇవ్వు" అంటారు, అంతే. కత్తెరా అదే, దారమూ అదే, దూదీ అదే. ఎప్పుడు ఏది "అదో" తెలుసుకోవడమే నర్సు నేర్వాల్సిన విద్య. తొమ్మిదేళ్లలో మనోరమ ఆ విద్యలో ఆరితేరింది. గొంతు సన్నగా వస్తే కత్తెర. దగ్గి అడిగితే దారం. ముక్కుతో అంటే దూది.

ఆ మంగళవారం గొంతు కొత్త తీరుగా వచ్చింది. మనోరమ ఒక్క క్షణం ఆలోచించి పట్టకారు అందించింది. నిజానికి ఆయనకు కావలసింది, ముక్కు మీంచి జారుతున్న కళ్లద్దాలను ఎవరైనా పైకి నెట్టడం.

అప్పుడు తగిలాయి.

రోగి మత్తులో ఉన్నాడు కాబట్టి అతన్ని సాక్షిగా లెక్కలోకి తీసుకోలేదు. ఇంకా నలుగురు సిబ్బంది ఉన్నారు గాని, మాస్కులు కట్టుకొని ఉన్నందువల్ల తమకేమీ కనపడలేదని నలుగురూ ఒకే మాటగా చెప్పారు. మనోరమ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చివరి కుట్టు దాకా అందించవలసినవన్నీ అందించింది. రోగి క్షేమం.

మధ్యాహ్నానికి ఆమెకు మెమో వచ్చింది. "తమరి చెంపను క్రిమిరహితముగా ఉంచుకొననందువల్ల డాక్టరు గారి గ్లౌజు అపరిశుభ్రమై, ఆపరేషన్ నాలుగు నిమిషములు ఆలస్యమైనది. సంజాయిషీ ఇవ్వగలరు."

మనోరమ ఆ కాగితం పట్టుకొని మేనేజరు ప్రహ్లాద్ గదికి పోయింది. ప్రహ్లాద్ మంచి మనిషి. ఆయన గదికి పోయినవాళ్లు చాయ్ తాగకుండా బయటికి రారు, పని జరిగి బయటికి వచ్చినవాళ్లూ లేరు.

"సార్, నాకు పెద్ద కోరికలేం లేవు," అంది మనోరమ. "రిజిస్టర్ల ఒక్క ముక్క రాయుండ్రి. డాక్టరు సారు కొట్టిండు అని."

"రాద్దామమ్మా, ఎందుకు రాయం," అంటూ ప్రహ్లాద్ ప్రమాదాల రిజిస్టరు తీశాడు. అందులో అచ్చువేసిన గడులు ఉన్నాయి. జారిపడుట. సూది గుచ్చుకొనుట. లిఫ్టులో ఇరుక్కొనుట. కోతి కరచుట. ఆయన వేలితో పై నుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికాడు.

"కొట్టుట లేదు గదమ్మా ఇండ్ల."

"చేర్చుండ్రి."

"అచ్చయి వచ్చింది. గట్లెట్ల చేరుస్తం? కోతి కరిచినట్టు రాయనా? సూది మందు ఫ్రీ, రెండు రోజులు సెలవు గుడ దొరుకుతది."

"వద్దు సార్. కోతి ఏం పాపం చేసింది?"

బయటికొస్తే పెద్ద నర్సు హనుమమ్మ ఓదార్చింది. "నీకు ఉత్త చెయ్యే తాకింది బిడ్డా. మా కాలంల ట్రేనే మీదికి ఎగిరి వస్తుండె. వంగుడు లేసుడు, వంగుడు లేసుడు. ఇరవై ఎనిమిదేండ్లు. సూడు, నాకు నడుము నొప్పంటే ఏందో ఎర్కలేదు. జర ఓర్సుకో. గా చెయ్యి బంగారం."

మనోరమ ఓర్చుకోలేదు. రోజూ పొద్దున డ్యూటీకి రాగానే ప్రహ్లాద్ గది తలుపు దగ్గర నిలబడి, "రాసిండ్రా సార్?" అని అడిగేది. పదకొండో రోజుకు యాజమాన్యం చలించి విచారణ కమిటీ వేసింది. నిబంధనల ప్రకారం కమిటీకి అందరికన్నా సీనియర్ డాక్టరు అధ్యక్షుడు. అందరికన్నా సీనియరు మూర్తి గారు. ఆయన పెద్ద మనసుతో ఒప్పుకొని, తనను తాను పిలిపించుకొని, తన మాట తాను ఓపికగా విని, తృప్తిపడి, ఆపైన ఉపన్యసించారు.

"అమ్మా మనోరమా! ఈ చేత్తో పన్నెండు వేల కడుపులు కోశాను. ఒక్క కడుపైనా వచ్చి ఫిర్యాదు చేసిందా? ఈ చెయ్యి తగిలితే చాలని జనం కాచిగూడలో రైలు దిగి వస్తున్నారు. నీకు లైనులో నిలబడకుండానే తగిలింది. దీనివల్ల నీకు కలిగిన నష్టం ఏమిటో చెప్పు."

మనోరమకు ఒళ్లు మండింది. "నష్టమేం లేదు సార్. ఆరేండ్ల సంది తలనొప్పి ఉండె. మీ దెబ్బకు అది గుడ భయపడి పారిపోయింది."

మాట గుచ్చుకుంటుందేమో అని చూసింది. ఎవరికీ గుచ్చుకోలేదు. ప్రహ్లాద్ 'దెబ్బ', 'భయం' తీసేసి, మిగతాది పొల్లు పోకుండా రాసుకున్నాడు. సాయంత్రానికి నివేదిక వచ్చింది. "జరిగినది కొట్టుట కాదు. హస్తవాసి. నొప్పికి ఇదియే తగిన వైద్యమని కమిటీ ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది."

వారం తిరక్కుండా గేటు పైన ఫ్లెక్సీ లేచింది. "ఆరేళ్ల తలనొప్పి ఒక్క స్పర్శతో మాయం! – మనోరమ, రాంనగర్." పక్కన ఆమె ఐడీ కార్డు ఫోటో. కూరగాయలకు పోతే జనం గుర్తుపట్టి, "ఏ చెంపనమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు.

నారాయణగూడ నుంచి విశ్వేశ్వరరావు అనే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తల తిప్పుతోందని వచ్చి, "ఆ నర్సమ్మకు ఇచ్చిందే నాకూ ఇప్పించండి," అని చెంప చూపించారు. డాక్టరు గారు చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. "రోగిని కొడితే కేసవుతుందండీ! నన్ను జైల్లో పెడతారు!" ఆయనకు చట్టం తెలుసునన్న సంగతి ఆ రోజే అందరికీ తెలిసింది. నర్సింగ్ హోమ్‌లో దీని గురించి బోర్డు కూడా ఉంది. "వైద్య సిబ్బందిపై చెయ్యి చేసుకొనుట శిక్షార్హము." అది గేటుకు రోడ్డువైపు తిప్పి కొట్టి ఉంది. కాబట్టి రోడ్డుకు మాత్రమే వర్తిస్తుంది.

ఉపాయం ప్రహ్లాద్‌కు తట్టింది. రోగిని కొట్టకూడదు, నిజమే. నర్సయితే ఇబ్బంది లేదని కమిటీయే తేల్చింది. కాబట్టి రోగిని ఒక్క నిమిషం నర్సుగా నియమిస్తే సరి. ఆర్డరు కాగితం, తెల్ల కోటు, హస్తవాసి, మళ్లీ కోటు విప్పుట. ఒక నిమిషంలో అన్నీ అయిపోతాయి.

ఈ కబురు అశోక్‌నగర్ చేరింది. అక్కడ గ్రూప్ పరీక్షలకు ఏడేళ్లుగా చదువుతున్న అనుదీప్ జ్ఞాపకశక్తి కోసమని వచ్చాడు. వచ్చినవాడు నియామకపు ఉత్తర్వు చేతిలో పడగానే కళ్లకద్దుకొని ఏడ్చాడు. కోటు తొడుగుతున్న మనోరమకు ఫోను అందించాడు. "అక్కా, జర ఫోటో తియ్యవా. చెంప వాచినంక కాదు, ఇప్పుడే, ఆర్డర్ తోని. ఇంటికి పంపాలె."

మర్నాడు అశోక్‌నగర్ హాస్టళ్లు ఖాళీ. వరస మెట్రో స్తంభాల దాకా సాగింది. మనోరమ పనల్లా కోటు తొడగడం, విప్పడం, తర్వాతివాడికి తొడగడం. మధ్యలో ప్రహ్లాద్ ఎదురుపడితే, "రాసిండ్రా సార్?" అనడం మాత్రం మానలేదు.

మూడో నెలలో ఒక పొద్దున, నూటా పదో అభ్యర్థి దగ్గర డాక్టరు గారి భుజం పట్టేసింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలిచిపోయింది. వరసలో వెనకవాళ్లు ఆశీర్వాదం అనుకొని దండం పెట్టారు.

"అబ్బా! మనోరమా! అది ఇవ్వు! తొందరగా!"

మనోరమ చెవి పెట్టి విన్నది. సన్న గొంతు కాదు, కత్తెర వద్దు. దగ్గు లేదు, దారం వద్దు. ముక్కుతో అనలేదు, దూదీ వద్దు. బల్ల మీద నొప్పుల స్ప్రే ఉంది. కాని ఈ సంస్థలో నొప్పికి మందేదో కమిటీ తేల్చి, సంతకాలు చేసి ఉంది.

ముందు జాగ్రత్తగా ఆయన కళ్లద్దాలు పైకి నెట్టింది. తర్వాత, దోమను తోలినంత మెల్లగా, ఎడమ చెంప మీద ఇచ్చింది.

"అది ఇయ్యమన్నరు సార్. ఇచ్చిన."

పట్టేసిన చెయ్యి దిగింది. దాన్ని ఎవరూ గమనించలేదు. హాహాకారాలు లేచాయి. థియేటర్ నుంచి ఆ నలుగురూ పరుగెత్తుకొచ్చారు. ఈసారి మాస్కులున్నా నలుగురికీ స్పష్టంగా కనపడింది, గోడ అవతల ఉన్నవాళ్లకు మరీ స్పష్టంగా. హనుమమ్మ, "అయ్యో, డాక్టరునా! చెయ్యెట్ల లేసిందే నీకు!" అని నోరు నొక్కుకుంది. ప్రహ్లాద్ రిజిస్టరు తెచ్చి, స్కేలు పెట్టి, అర నిమిషంలో కొత్త గడి గీశాడు. కొట్టుట. ఒక గీత వదిలి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "నర్సు మనోరమ డాక్టరు గారిని కొట్టింది."

మనోరమ రెండుసార్లు చదువుకుంది.

"సార్, నేను మూడు నెలల సంది అడుగుతున్న మాట ఇదే. ఆఖరి అక్షరం ఒక్కటే తేడా. 'కొట్టింది' కాడ 'కొట్టిండు'."

"గా ఒక్క అక్షరమే గదమ్మా కష్టం," అన్నాడు ప్రహ్లాద్ నిజాయితీగా. అని, డాక్టరు గారి ఫోను మీద రాబోయే ఎస్సై గారికి చాయ్ చెప్పడానికి తలుపు దాకా పోయాడు.

మనోరమ కలం తీసుకుంది. వదిలిన గీత మీద ఆ మంగళవారం తేదీ వేసి రాసింది: "డాక్టరు సారు నర్సు మనోరమను కొట్టిండు." ప్రహ్లాద్ చూసి ఉరికొచ్చి పేజీ చింపబోయేసరికి డాక్టరు గారే గర్జించారు. "ఎవరూ ఆ రిజిస్టరు ముట్టుకోవద్దు! అది సాక్ష్యం!"

ఆయన మాట కాదనేవారెవరు? ఎస్సై గారు దాన్ని గుడ్డలో చుట్టి, సీలు వేసి పట్టుకుపోయారు.

ఇప్పుడు రెండు వాక్యాలూ ఠాణా బీరువాలో ఒకే పేజీలో ఉన్నాయి. ఒకటి చదివితే రెండోది కూడా చదవాలి. ఆ సంగతి ఆలస్యంగా తెలిసి, కేసు నడపాలా వద్దా అని డాక్టరు గారు ఆలోచనలో పడ్డారు. ఈలోగా ఆయన ఎడమ చెంపను పరామర్శించడానికి బత్తాయిలు పట్టుకొని హిమాయత్‌నగర్ నుంచి కూడా పెద్దమనుషులు వచ్చి పోతున్నారు. హెడ్మాస్టరు విశ్వేశ్వరరావు గారైతే రెండుసార్లు వచ్చారు. అనుదీప్ "సార్‌కు నొప్పి తగ్గిందా" అని ఫోను చేశాడు.

మనోరమను ఏ చెంప అని అడిగినవాళ్లు చిక్కడపల్లిలో చాలామంది ఉన్నారు. నొప్పి తగ్గిందా అని అడిగినవాళ్లు ఇప్పటికీ లేరు. ఇంత దూరం చదివారు, మీరూ అడగలేదు.