ఒక్క ఫోటోలోనూ లేని అమ్మాయి

ఆ ఉదయం బ్రాంచి మేనేజరు వేసుకున్న పథకం చాలా సులువైనది. టిఫిను తినాలి, టై కట్టుకోవాలి, పదకొండింటికి వీడియో మీటింగులో ఎం.డి. ముందు గొప్పలు చెప్పుకుని రీజనల్ మేనేజరు కుర్చీ కొట్టెయ్యాలి. ఆ కుర్చీ మీద అతను ఏనాడో కన్నేశాడు. అడ్డుపడుతుందని కూతుర్ని ముందే యువ వికాస శిబిరానికి తోలేశాడు.

శిబిరాల ఫ్యాషన్ కూడా మారింది మరి. ఒకప్పుడు గుడారం, చలిమంట, నాలుగు దోమకాట్లు ఉంటే చాలు, పిల్లలు బాగుపడేవారు. ఇప్పుడు నాయకత్వం, ఆత్మవిశ్వాసం, ఫోను లేని జీవితం అంటూ నున్నటి కాగితం మీద అచ్చేసి, పిల్లల ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారు. తల్లిదండ్రులకు మాత్రం గంటగంటకీ గ్రూపులో ఫోటోలు పంపుతారు. లేకపోతే పాపం, పెద్దవాళ్లకు ఊపిరాడదు.

మేనేజరు టై ముడి వేసుకుంటూ ఫోటోలు తిరగేశాడు. టిఫిను ఫోటోలో కూతురు లేదు. వాలీబాల్ ఫోటోలో లేదు. నిన్నటి వాటిలోనూ లేదు.

"ఏమేవ్, మనమ్మాయేదీ?"

"ఎక్కడో పక్కన నిలబడుంటుందిలెండి. ముందు మీటింగు సంగతి చూసుకోండి," అంది భార్య.

చెప్తే వినే రకమా? "మా అమ్మాయి ఒక్క ఫోటోలోనూ లేదు. మా దగ్గర ఏం దాస్తున్నారు?" అని గ్రూపులో పెట్టేశాడు.

అంతే. తల్లిదండ్రులంతా ఫోటోలు పెద్దవి చేసుకుని తమ పిల్లల కోసం గాలించారు. మావాడు చిక్కిపోయాడని ఒకావిడ రాసింది. మావాడు నవ్వడం లేదు, ఏదో జరిగిందని కంటి డాక్టరు రాశాడు. ఆ పిల్లవాడు ఇంట్లోనూ నవ్వి ఎరగడు. వాడి ముఖం చూసే తీరిక డాక్టరుకు ఇప్పుడే దొరికింది.

శిబిరం కోచ్ హడలిపోయాడు. కొత్త ఫోటో పెడదామంటే కెమెరా లేదు, పిల్లలతో పాటు కొండ మీదికి వెళ్లింది. చేసేది లేక నిరుడు తీసిన ఫోటో ఒకటి వెతికి, "అందరూ క్షేమం" అని పెట్టాడు. అందులో ఎవరి పిల్లలూ లేరు.

తల్లిదండ్రులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. కార్లన్నీ శిబిరం గేటు ముందు వాలాయి. మీటింగు ఫోనులోనే కానిచ్చేద్దామని మేనేజరు టైతో సహా దిగాడు.

"ఫోన్లు పెట్టెలో వేసి లోపలికి రండి. రూలండీ," అన్నాడు కాపలావాడు.

"నేనెవరో తెలుసా?"

"తెలీదండీ. ఫోను వెయ్యండి."

గొణుక్కుంటూనే అందరూ వేశారు. కోచ్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని, పిల్లల్ని తీసుకొస్తానంటూ కొండ వైపు పరుగు తీశాడు.

పదకొండయింది. పెట్టెలో ఫోను మోగింది. అది ఎం.డి. కోసమని పెట్టుకున్న ప్రత్యేకమైన మోత. మేనేజరు పెట్టెను గుంజాడు, తన్నాడు, చివరికి దాని మీదికి వంగి, "ఉన్నాను సార్! ఇక్కడే ఉన్నాను సార్!" అని అరిచాడు. పక్కన కంటి డాక్టరు ఖాళీ జేబు తడుముకుంటూ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

అంతలో పిల్లలు పాడుకుంటూ కొండ దిగారు. అందరికంటే ముందు మేనేజరు కూతురు, మెడలో కెమెరాతో.

"ఏమైపోయావే తల్లీ! ఒక్క ఫోటోలోనూ లేవు!"

"ఫోటోలన్నీ తీస్తున్నది నేనే కదా నాన్నా! ఆ పని నాకే అప్పగించారు." ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. "బాగా వచ్చాయా?"

మేనేజరు అన్ని ఫోటోలు అన్నిసార్లు చూశాడు కానీ, ఒక్కటి కూడా ఎలా ఉందో గుర్తు లేదు. సిగ్గేసింది. ఎక్కువసేపు కాదు, ఈలోగా పెట్టె తెరిచారు.

ఎం.డి. నుంచి సందేశం వచ్చి ఉంది. చెప్పిన వేళకు ఫోను కూడా ఎత్తని మనిషికి రీజియన్ అప్పగించలేమట, కుర్చీ అతని డిప్యూటీకి ఇచ్చేశారట. బాధ్యత అలవడడానికి మేనేజరు సోమవారం నుంచి ఉద్యోగుల నాయకత్వ శిబిరంలో చేరాలట, ఫోను తేకూడదట.

రోజూ ఆయన ఫోటోలు పంపమంటారా అని ఆ శిబిరం వాళ్లు అడిగితే, మీకెందుకండీ శ్రమ అంది భార్య.