ఉచితం పక్కన చుక్క

రక్షణ ఉచితం అని ఎవరైనా మీతో అంటే వెంటనే చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేయండి. నిజంగానే ఉచితమని తేలితే పరుగెత్తండి!

దేవుడి మీద కోపంతో అంటున్న మాట కాదిది. ఆయన పని ఆయన చేసి వెళ్ళాడు. నా కోపమల్లా ఆ మాట మీద. ఉచితం! మూడక్షరాలు, చివర ఒక సున్నా. మనుషుల్ని ఈ మూడక్షరాలు చెడగొట్టినంతగా ఇంకేవీ చెడగొట్టలేదు. మనిషికి వరం ఏదైనా ఉందంటే అది షరతు. షరతు లేకుండా ఏదైనా చేతిలో పెట్టారంటే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో కూడా మనకి తెలియదు.

మీరే చెప్పండి. ఉచిత కంటి పరీక్ష అంటే వెళ్తారు. వెళ్ళేటప్పుడు చూపు శుభ్రంగా ఉంటుంది. వచ్చేటప్పుడు ముక్కు మీద అద్దాలు, జేబులో చుక్కల మందు, ఆరు నెలలకి మళ్ళీ రమ్మని చీటీ! బస్సులో పక్కాయన జరిగి చోటిస్తాడు, ఉచితంగానే. మీరు దిగేలోపు ఆయన కిడ్నీలో రాళ్ళెన్నో, ఏ సైజో మీకు కంఠతా వచ్చేస్తాయి. ఇక ఉచిత సలహా సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మా బావగారు ఇచ్చిన ఒకే ఒక్క ఉచిత సలహా విని నేను బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాను. పద్దెనిమిదేళ్ళుగా వంటగదిలోంచి వచ్చే ప్రతి మోకాలికీ అది తగులుతూనే ఉంది.

ఇవన్నీ చెప్పడానికి నువ్వెవడివయ్యా అంటారేమో. నేను బోర్డులు రాసేవాణ్ణి. ఏడో తరగతిలో బడికి నమస్కారం పెట్టి బ్రష్షు పట్టుకున్నాను. సబ్బు కొంటే సబ్బుపెట్టె ఉచితం, మిక్సీ కొంటే గరిటె ఉచితం, కుక్కర్ కొంటే ఇంకో చిన్న కుక్కర్ ఉచితం. ఈ మాటని నేను రాసినన్నిసార్లు ఇంకెవరైనా రాసి ఉంటే వచ్చి నా బ్రష్షులు తీసుకుపోవచ్చు.

ఆ మాట రాయడంలో ఒక పద్ధతుంది. ఉచితం అని రాయగానే దాని భుజం మీద ఐదు మూలల చుక్క ఒకటి పెట్టాలి. అలాంటి చుక్కే బోర్డు అడుగున ఇంకోటి పెట్టి, దాని పక్కన సున్నా నంబరు బ్రష్షుతో చీమ తలకాయంత అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి' అని రాయాలి. సున్నా నంబరంటే అన్నిటికంటే సన్నది. పై అక్షరాలు చూసి జనం వస్తారు, కింది అక్షరాల మీద షాపువాడు బతుకుతాడు. ఇదే మా విద్య!

ఈ విద్యే నా కొంప ముంచింది.

మా ప్రార్థన మందిరం ముందు గోడకి ఇదివరకు ఒక ఫ్లెక్సు ఉండేది. గాలికి చిరిగి చిరిగి చివరికి దాని మీద 'రక్ష' వరకే మిగిలింది. పాస్టరు గారు నన్ను పిలిచి, "బ్రదర్, గోడ మీదే రాసేయండి. రెండే మాటలు. రక్షణ ఉచితం. వీధి చివరికి కనపడాలి" అన్నారు. రాశాను. అక్షరం మూరెడు ఎత్తు, ఎర్ర రంగు, తెల్ల అంచు. ఇంతలో చినుకులు పడితే సామాను సర్దుకుని దిగిపోయాను.

ఆదివారం పొద్దున వెళ్ళి తలెత్తి చూస్తే, ఉచితం పక్కన చుక్క!

నా చెయ్యి దాని అలవాటు ప్రకారం అది చేసుకుపోయింది. కింది వరస రాసే లోపు వాన రావడం ఒక్కటే నా అదృష్టం.

దేవుడి గోడ మీద బజారు చుక్కేమిటని అందరూ నా మీద పడతారని ఒక మూల నిలబడ్డాను. ఒక్కరంటే ఒక్కరూ పడలేదు. పాటలు పాడే ఆవిడ, "తూర్పు జ్ఞానులకి దారి చూపిన నక్షత్రం! ఎంత బాగా పెట్టావు అన్నయ్యా!" అంది. మిగతావాళ్ళు ఏం చేశారో తెలుసా? వంగి గోడ అడుగున వెతకడం మొదలుపెట్టారు. షరతుల కోసం! రక్షణకి షరతులుంటాయన్న దాంట్లో వాళ్ళకి వింతేమీ లేదు. రాయకుండా వదిలేశాడేమిటన్నదే వాళ్ళ వింత!

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పాస్టరు గారు, "చుక్క తుడిచేస్తే అయిపోయే పని కదా" అన్నారు. కార్యదర్శి గారు చెయ్యెత్తారు. "ఆగండి పాస్టరు గారూ. చుక్క ఎలాగూ పడింది. కింద నాలుగు ముక్కలు రాయించేస్తే పోలా? రేపు ఎవరూ మాకు తెలీదనకుండా ఉంటుంది."

సంఘ పెద్దల్లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. ఆయనకీ కార్యదర్శికీ మైకు ఎవరు పట్టుకోవాలన్న గొడవ వచ్చి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పాస్టరు గారి ద్వారా మాట్లాడుకుంటారు. "పాస్టరు గారూ, ఆయనకి చెప్పండి" అన్నారు మాస్టారు. "అసలు ఉచితం అంటే తగినది అని అర్థం. ఉచితానుచితాలు అనమా? రక్షణ ఉచితం అంటే, రక్షణ పొందడం తగిన పని అని. ఊరికే ఇస్తారని ఎవరన్నారు?"

చదువంటే అదండీ! రెండువేల ఏళ్ళుగా ఊరికే అనుకుంటున్నదాన్ని రెండు నిమిషాల్లో వెనక్కి తీసేసుకున్నారు!

ఇక షరతులు జల్లుగా పడ్డాయి. ఆదివారం రావాలి. వస్తే సరిపోదు, టైముకి రావాలి. వచ్చినవాళ్ళు ఫోను ఆపాలి. ఫోను ఆపినవాళ్ళు నిద్రపోకూడదు. ముందు వరస పెద్దలకి వదలాలి. ప్లాస్టిక్ కుర్చీలు లోపల పెట్టి వెళ్ళాలి. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఐదు నిమిషాల్లో ముగించాలి, పక్కింటివాళ్ళ పాపాలు అందులో కలపకూడదు. మొత్తం ఇరవై రెండు తేలాయి. పాస్టరు గారు నీరసంగా, "మరి కృప సంగతేంటి?" అని అడిగారు.

"అదీ రాద్దాం" అన్నారు కార్యదర్శి గారు. "చోటు మిగిలితే."

ఇక్కడ మా తమ్ముడి సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనే చూశాను, కుదరడం లేదు.

నాన్న పోయాక నేను బడి మానింది వాడు మానకూడదనే. నేను నిచ్చెన మీద రాస్తుంటే వాడు కింద నిచ్చెన పట్టుకుని, "అన్నయ్యా, దీర్ఘం! అన్నయ్యా, ఒత్తు!" అని అరిచేవాడు. ముఖ్యంగా సున్నాలు. సున్నాలు మింగేసే జబ్బు నాది. అలా దీర్ఘాలు చెబుతూ చెబుతూ చదువుకున్న వాడు ఆ చదువుతో ఏం తెచ్చాడు? ఫ్లెక్సు మిషను! నేను మూడు రోజులు రాసే బోర్డుని అది మూడు నిమిషాల్లో కక్కుతుంది. నా గిరాకీ అంతా రోడ్డు దాటి వాడి దగ్గరికి పోయింది. పైగా షాపు తెరిచే ముందు వచ్చి, "అన్నయ్యా, నా షాపు బోర్డు మాత్రం నువ్వే చేత్తో రాయాలి" అన్నాడు. ఉరి తీసేవాడు వచ్చి తాడు నువ్వే పేనమన్నట్టు లేదూ? రంగు డబ్బా తన్నేశాను. తొమ్మిదేళ్ళు. మాటల్లేవు.

ఆ షాపుకి ఇప్పటికీ బోర్డు లేదు. ఊరందరికీ బోర్డులమ్మే చోటిని ఊరంతా 'బోర్డులేని షాపు' అంటుంది. ఇక నా సంగతంటారా, దిద్దే దిక్కు పోయింది. పళ్ళ డాక్టరు గారి బోర్డులో సున్నా ఎగిరిపోయి 'దత వైద్యశాల' అయింది. పన్ను పీకిన చోటు లాగే ఉందని ఆయన మురిసిపోయారు కాబట్టి సరిపోయింది.

అలాంటి మా తమ్ముడు ఇన్నేళ్ళకి, పై ఆదివారమే బాప్తిస్మం కావాలని పాస్టరు గారిని అడిగాడు. కమిటీ ఊరుకుంటుందా? "సొంత అన్నతో మాటలు లేనివాడికి బాప్తిస్మమా? ముందు అన్న సరేననాలి. వచ్చే శనివారం లోపల!" అన్నారు కార్యదర్శి గారు. నాలుగేళ్ళ తరవాత మొదటిసారి మాస్టారు కూడా ఆయన మాటకి తలూపారు. అన్ని తలలూ నా వైపు తిరిగాయి.

చూశారా! ఇరవై రెండు షరతులు వాళ్ళు రాసుకున్నారు. ఇరవై మూడో షరతు సాక్షాత్తూ నేనే!

ఇప్పుడు చెప్పండి, షరతులు వరం కాదా? రక్షణ నిజంగా ఉచితమై ఉంటే వాడు నన్ను అడక్కుండా, నా పక్కనుంచే నడిచి లోపలికి పోయేవాడు కాదా? నా తొమ్మిదేళ్ళ కోపం ఏమైపోయేది?

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. మా ఆవిడ నీళ్ళ గ్లాసు చేతికిస్తూ, "ఏవండీ, పరలోకం గేటు దగ్గర మిమ్మల్ని వాచ్‌మన్‌గా పెట్టారటగా?" అంది. "యూనిఫాం వాళ్ళే ఇస్తారా, మనమే కుట్టించుకోవాలా?"

పట్టించుకోలేదు. ఒక అట్టముక్క తీసుకుని నా షరతులు రాశాను. ఆరు. రోజూ పొద్దున వచ్చి నా బ్రష్షులు కడగాలి. మిషను అమ్మేయాలి. నలుగురిలో నిలబడి తప్పయిందనాలి. ఇలా మొదలై, జన్మలో నా కళ్ళపడకూడదు అన్నదానితో ముగిసింది.

శనివారం మధ్యాహ్నం వాడే నా రేకుల షెడ్డుకి వచ్చాడు. జుట్టు నెరిసింది. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఏం చెయ్యమంటావో చెప్పు."

"ఏదైనా చేస్తావా?"

"చేస్తా. మిషను అమ్మమన్నా అమ్మేస్తా. కాకపోతే కొన్నవాడు దాన్ని నడుపుతాడు. అప్పుడు నువ్వు వాడితో కూడా మాట్లాడటం మానెయ్యాలి. చూసుకో మరి."

నవ్వొచ్చింది. టర్పెంటైను ఘాటుకి దగ్గొచ్చినట్టు నటించి అట్టముక్క ముందుకి తోశాను. వాడు చదివాడు. ముఖంలో ఏమీ కదల్లేదు. చెయ్యి చాచి నా చెవి మీది పెన్సిలు తీసుకున్నాడు. సంతకం పెడతాడనుకున్నాను.

సున్నాలు పెట్టాడు. ఆరు షరతుల్లో నాలుగు సున్నాలు నేను మింగేశాను. నాలుగూ వరసగా పెట్టి అట్ట తిరిగి నా చేతికిచ్చాడు.

"అన్నీ చేస్తా గానీ, మొదటిదీ ఆఖరిదీ పడటం లేదు అన్నయ్యా. కళ్ళపడకుండా బ్రష్షులెలా కడగను? కళ్ళు నువ్వు మూసుకుంటావా, నన్ను మూసుకోమంటావా?"

ఏం చెప్పమంటారు? నేను బాప్తిస్మం తీసుకుంది బడి మానిన ఏడాదే. నన్నెవరూ ఏ షరతూ అడగలేదు. అడిగినా ఇవ్వడానికి నా దగ్గర ఏముంది, ఒక బ్రష్షూ, తప్పుల తడకలాంటి చేతిరాతా తప్ప? నీళ్ళలోంచి వణుకుతూ లేస్తే ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడింది వీడే. నాకంటే ఎక్కువ వణుకుతూ.

"పోయి పని చూసుకో. నేను గోడ దగ్గరికెళ్ళాలి" అన్నాను. "సరే" అని మాత్రం అనలేదు. బదులుగా, "రేపు తువ్వాలు తెచ్చుకోకు. నేను తెస్తాను" అన్నాను.

ఆ సాయంత్రం కార్యదర్శి గారిచ్చిన ఇరవై రెండు షరతుల కాగితం మడిచి డబ్బా కింద పెట్టాను. సున్నా నంబరు బ్రష్షు తీసి, గోడ అడుగున జానెడు ఎత్తులో ఒక చుక్క పెట్టి, నా జీవితంలోకెల్లా చిన్న అక్షరాలు రాశాను.

ఆదివారం పొద్దున వంగి చూస్తే ఎవరికీ కనపడలేదు. మోకాళ్ళ మీదికి దిగాల్సిందే. కార్యదర్శి గారు మోకాళ్ళు టకటకమంటుంటే దిగారు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని పక్కనే దిగారు. వాళ్ళ వెనక ఇంకో పది మంది. ఆ మందిరంలో ఇంతమంది ఒక్కసారిగా మోకరించడం నేనెప్పుడూ చూడలేదు!

అక్కడ ఇలా ఉంది: 'షరతులు లేవు. వివరాలకు మీరు మాట మానేసిన మనిషిని సంప్రదించండి.'

లేచాక ఇద్దరూ చాలాసేపు ప్యాంట్ల దుమ్ము దులుపుకున్నారు. చివరికి మాస్టారు పాస్టరు గారి కోసం అటూ ఇటూ చూశారు. ఆయన బాప్తిస్మం తొట్టి దగ్గర నీళ్ళు పడుతున్నారు. మధ్యలో ఎవరూ దొరక్క, "కాలు నొప్పా?" అని కార్యదర్శినే అడిగేశారు.

తమ్ముడు నీళ్ళలోంచి లేచాడు. తువ్వాలు నేను కప్పాను. నా వేళ్ళకి రంగింకా పోలేదేమో, వాడి మెడ మీద ఎర్ర మరక పడింది.

ఇంతకీ నా ఫిర్యాదు ఇది. ఉచితం అన్నప్పుడు నేను నాకు మాత్రమే అనుకుని తీసుకున్నాను. పక్కవాడికి కూడా అని ఎవరూ చెప్పలేదు! తీసుకోవడానికి ఏ షరతూ లేదు, నిజమే. తీసుకున్నాక గుమ్మానికి అడ్డంగా నిలబడే హక్కు మాత్రం పోతుంది. ఇంత పెద్ద షరతుని అంత పెద్ద అక్షరాల వెనక దాచగలిగినవాణ్ణి మా వృత్తిలో కూడా చూడలేదు.

సోమవారం నుంచి బోర్డులేని షాపుకి బోర్డు రాస్తున్నాను. చేత్తోనే. ఉచితంగా.*

* నిచ్చెన వాడే పట్టుకోవాలి.