పథ్యం తప్పిన ఈగలు

ఆ ఉదయం పిన్ని అనుకున్నది చిన్న పనే. సీసాలు కడిగి, పొయ్యి తుడిచి, ఎవరి కంటా పడకుండా ఓసారి ఏడ్చి వెళ్ళిపోవాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఆ ప్రయోగశాలలో పండ్ల ఈగలకు వండిపెడుతోంది. అందరికీ ఆమె పిన్నే. ఆ సాయంత్రంతో ఉద్యోగం ముగుస్తుంది.

సీసాల్లో ఈగలు నీరసంగా కనిపించాయి. మూడు రోజులుగా వాటికి చక్కెర నీళ్ళే పథ్యం. మాంసకృత్తులు కరువైన ఈగ కాళ్ళతో రుచి చూసి ఏది ఎంచుకుంటుందో ఆ రోజు తేలాలి. నీలం జెల్లీలో మాంసకృత్తులుండే ఈస్ట్, ఎర్రదాంట్లో చక్కెర. తిన్న రంగు పొట్టలో కనిపిస్తుంది. పిన్నికి ఇదంతా తెలుసు. అయినా మనసొప్పలేదు.

"వెళ్ళిపోయే రోజున మిమ్మల్ని పస్తుంచనా?" అంటూ ముందువరుస సీసాలన్నిటిలో కాస్త కాస్త ఈస్ట్ ముద్ద పెట్టింది. వెనకవరుస చేతికి అందలేదు.

మధ్యాహ్నం ముందువరుస సీసా ఒకటి తీసి ఈగల్ని జెల్లీల మీద వదిలితే, నీలం కావలసిన పొట్టలన్నీ ఎర్రబడ్డాయి.

"రంగులు తారుమారు చేశావు," అన్నారు ప్రయోగశాల నడిపే సారు.

"లేదండీ, రెండుసార్లు చూసుకున్నాను," అంది పరిశోధన చేస్తున్న అమ్మాయి.

జెల్లీ పారబోసి కొత్తది కలిపారు. ముందువరుసలోనే ఇంకో సీసా తీశారు. మళ్ళీ ఎరుపే. త్రాసు మార్చారు, దీపం మార్చారు. చివరికి మార్చడానికి ఆ అమ్మాయే మిగిలింది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

అమ్మాయి సంచీ సర్దుకుంటూ ముక్కు తుడుచుకుంది. "నువ్వొక్కదానివే పోతున్నావనుకున్నాను పిన్నీ. పద, నేనూ వస్తా."

పిన్ని చేతిలో సీసా కింద పెట్టి ముందుకొచ్చింది. "సారూ, తప్పు నాది. పొద్దున్నే తిండి పెట్టేశాను."

"ఎవరికి?"

"మీ ఈగలకండీ. మొహాలు పీక్కుపోయి కనిపించాయి."

"ఈగల మొహాలా!"

సారు అక్కడికక్కడే వెనకవరుస సీసాలు తెప్పించి పరీక్షించారు. ఈ ఈగల పొట్టలన్నీ నీలమే. ఈస్ట్ తిన్నవి చక్కెరకు ఎగబడ్డాయి, తిననివి ఈస్ట్‌కు. ఆయన కోరినదానికంటే గట్టి రుజువు. అమ్మాయి సంచీ మళ్ళీ కుర్చీకి తగిలించింది.

"రేపు కూడా రండమ్మా, సరిగ్గా ఇలాగే పెట్టాలి," అన్నారు సారు పిన్నితో.

"ఈ మాట నిన్న అనుంటే బాగుండేది సారూ."

అమ్మాయి గేటు దాకా వచ్చింది. ఆమెను రెండు గంటలు మాట పడనిచ్చి ఊరుకున్నందుకు పిన్ని తలెత్తి చూడలేకపోయింది. తల వంచుకునే గేటు దాటింది.

నివేదికలో మాత్రం ఒక వాక్యం చేరింది: కొన్ని ఈగలకు ముందుగా ఈస్ట్ ఇవ్వడమైనది. జాలితో పెట్టారని రాయడానికి అందులో గడి లేదు.