పల్లవి దాటని హార్మోనియం

పెళ్ళాం నోరు మూయించాలని మీలో ఎవరికైనా బుద్ధి పుడితే ముందు నా దగ్గరికి రండి. చాయ్ తాగించి, వద్దని చెప్పి పంపిస్తాను.

సిరిసిల్లలో మాకు నాలుగు సాంచాలున్నాయి. సాంచా అంటే కరెంటు మగ్గం. ఇంటి వెనకాలే రేకుల కార్ఖానా. సాంచాలు నడుస్తుంటే నెత్తిమీద పిడుగు పడ్డా వినిపించదు. మా ఆవిడ లసుమవ్వ గొంతు మాత్రం వినిపిస్తుంది.

ఒక ఏడు జగిత్యాల నుంచి మా బావ రాజలింగం వచ్చాడు. లసుమవ్వకు సొంత అన్న. కొత్త ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశానికి పిలుపు.

"భజన పగటి పూటనే వెడ్తున్న బావా. రాత్రి పదిమంది కూడితే ఎవలన్న ఒకలు అచ్చి ఎందుకు కూడిన్రని అడుగుతున్నరు. అంత మంచిగనే ఉంది గని, హార్మోనియం వాయించెటోడే దొరుకుతలేడు" అన్నాడు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాలి. మూసుకున్నానా?

"నేను లేనా బావా? కోరుట్లల చిన్నప్పుడు భూమన్న పంతులు దగ్గర నేర్చుకున్న!"

లసుమవ్వ నవ్వింది. మామూలు నవ్వు కాదు, చేతిలో చాట వంగి బియ్యం కింద పోయేంత నవ్వు.

"వద్దే అన్నా! గీయన వాయిస్తే నీ కొత్తింట్ల పాలు పొంగయి, ఇరుగుతయి!"

బావ ముందు అంత మాట! నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగచాటుగా సాధన చేసి, జగిత్యాలలో పదిమంది మధ్య వాయించి, ఈమె ముక్కున వేలేసుకునేలా చెయ్యాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

భూమన్న పంతులు నాకు నేర్పిన మాట నిజమే. కొండగట్టు ఆంజనేయస్వామి, మా అంజన్న మీద ఆయన సొంతంగా కట్టిన పాట. పల్లవి వచ్చింది. చరణం దగ్గరికి రాగానే నా వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. ఆయన ఓపిక పట్టి, పట్టి, ఒకనాడు మా నాయనను పిలిచాడు. "నీ కొడుకు పల్లవి పట్టుకోని గబ్బిలం లెక్క ఏలాడుతుండు. పోరన్ని మగ్గం మీద కూసోవెట్టు" అన్నాడు. అంతటితో నా సంగీతం చేనేతలో కలిసిపోయింది.

గంభీరావుపేటలో ఒక భజన మండలి వాళ్ళు పోలీసుల భయానికి భజనలు మానుకుని హార్మోనియం అటక మీద పెట్టారని విని, వెళ్ళి కొనుక్కొచ్చాను. నూలు సంచిలో పెట్టి, భుజానికెత్తుకుని, పిల్లిలా ఇంట్లో అడుగుపెట్టాను. గడప దాటుతుంటే తిత్తి కదిలి సంచిలోంచి "హూం..." అని వినిపించింది.

"ఏందయ్యా అది?" అంది లసుమవ్వ.

"నూలు."

"నూలు మూల్గుతదా?"

"పాత నూలు."

నన్ను కిందికీ పైకీ చూసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నమ్మిందనుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను చేసిన పెద్ద తప్పులన్నీ ఆ 'అనుకున్నాను' దగ్గరే మొదలయ్యాయి.

నా పథకం ఏమిటంటే, సాంచాలు నడిచేటప్పుడే వాయించాలి. ఆ మోతలో హార్మోనియం కాదు గదా, ఏనుగు ఘీంకరించినా బయటికి పోదు. కార్ఖానా మూలన పడుగు చుట్టిన బీముల వెనకాల కూర్చుని, నా వాయింపు నాకే వినపడక, గొంతెత్తి పాడుకునేవాణ్ణి. "గుట్ట మీద అన్నా! అడవిలోన అన్నా! నీ జాడెక్కడన్నా!"

నేను సంగీతంలో ఉంటే పోగులు తెగడం మానుతాయా? తెగిన పోగు ఎవరూ అతకకపోతే గుడ్డకు కంత పడుతుంది.

"గీ కంత ఏంది?" అని లసుమవ్వ థాను విప్పి, అందులోంచి నా ముఖం చూసింది. "గాలి మంచిగ ఆడాల్నని వెట్టినవా?"

"పోగు కచ్చగున్నది, ఊకె తెగుతున్నది."

"పోగు మంచిగనే ఉన్నది. నేసెటోడే కచ్చగున్నడు."

ఇదంతా ఒక ఎత్తు, కరెంటు ఒక ఎత్తు. అది పోయేముందు చెప్పి పోదు కదా! సాంచాలు నాలుగూ ఒక్కసారిగా ఆగిపోయేవి. నేను మాత్రం ఆగేవాణ్ణి కాదు. నిశ్శబ్దమైపోయిన వాడకట్టు మొత్తానికి నా గొంతొక్కటే, "అడవిలోన అన్నా!" అని.

మొదటిసారి అలా జరిగినప్పుడు లసుమవ్వ పరుగున వచ్చింది. నేను హార్మోనియం మీద కూర్చున్నాను. అది కింద నుంచి సన్నగా ఏడ్చింది.

"ఏంది సప్పుడు?"

"సాంచా పట్టా వదులైంది."

"పట్టా 'అన్నా, అన్నా' అంటదా? దానికి గూడ అన్నదమ్ములున్నరా?"

పక్కింటి పోశవ్వ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏం మల్లేశం, కార్ఖానల ఎవల్నన్న కొడ్తున్నరా బిడ్డా? పాపం, అన్నా అన్నా అని మొత్తుకుంటుండు" అని అడిగింది.

ఆమె అడిగి ఊరుకుంది. వాడకట్టు ఊరుకోలేదు. ఆ రోజుల్లో 'అన్న' అంటే అడవిలో ఉండే నక్సలైటని మీకు తెలుసు కదా. గుట్ట, అడవి, అన్న, మూడూ ఒకే పాటలో పడ్డాయి. మల్లేశం కార్ఖానాలో అన్నల పాటలు నేర్పుతున్నారని వాడంతా పాకింది. నాకు తప్ప అందరికీ తెలిసింది.

గృహప్రవేశం దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం కళ్ళు మూసుకుని, తన్మయత్వంతో తిత్తి ఊదుతున్నాను. కరెంటు పోయింది.

"అడవిలోన అన్నా! నీ జాడెక్కడన్నా!"

"మేమూ అదే వెతుకుతున్నామయ్యా" అన్నారెవరో. "ఎక్కడున్నాడు?"

కళ్ళు తెరిచాను. ఎస్సై. గోదావరి జిల్లాల వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"ఏ అన్న?" అన్నాడు.

"అంజన్న సారూ. కొండగట్టు అంజన్న."

"దొరికినవాళ్ళందరూ దేవుడి పేరే చెబుతారు. తర్వాత చరణం పాడు, చూద్దాం."

"రాదు సారూ."

"రాదా? చెప్పకూడదా?"

"భూమన్న పంతులు నాకు చెప్పనేలే."

"ఎవరా భూమన్న? ఎక్కడుంటాడు?"

"పైకి పోయిండు సారూ."

"పైకంటే? గుట్ట పైకా?"

"గుట్ట కాదు సారూ, ఇంకా పైకి!"

"హార్మోనియం తీసుకుని జీపెక్కు" అన్నాడు.

మీరు నవ్వుతున్నారు గానీ, ఆ రోజుల్లో జీపెక్కిన మనిషి ఎప్పుడు దిగుతాడో, ఏ ఊళ్ళో దిగుతాడో ఎవరూ చెప్పలేకపోయేవారు. అంజన్నా, చరణమొక్కటి పంపించు తండ్రీ అని మొక్కుకున్నాను. ఒక్క ముక్క రాలేదు.

అప్పుడు వచ్చింది లసుమవ్వ. పిండి చేతులతో తిన్నగా వచ్చి ఎస్సై ముందు నిలబడింది.

"చరణమే గద సారూ? నేను వాడుత."

పాడింది.

"లంక గాల్చి అచ్చినట్టి తోక నీదే అంజన్నా,
సంజీవి గుట్ట మోసినట్టి భుజము నీదే అంజన్నా..."

ఎంత కమ్మగా పాడిందంటే, కానిస్టేబులొకాయన తెలియకుండానే బీము మీద దరువు వెయ్యడం మొదలుపెట్టాడు. గోడ మీద పోశవ్వ చేతులు జోడించింది. ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పాట అయిపోయాక మెల్లగా నవ్వాడు.

"తోక ఉన్న అన్న కోసం మేం వెతకడం లేదమ్మా" అన్నాడు. నా వైపు తిరిగి, "ఇంత మంచి చరణం ఇంట్లో పెట్టుకుని, ఆ పల్లవితో ఊరినెందుకు చంపుతున్నావయ్యా?" అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

నేను నేల మీద కూలబడ్డాను. లసుమవ్వ మంచినీళ్ళిచ్చింది.

"ఈ పాట నీకెట్లొచ్చే?"

"కోరుట్లల భూమన్న పంతులింటెనక మేం కిరాయికుంటిమి. గోడవతల మీ పోరగాండ్లు నేర్సుకుంటుంటే, ఇవతల నేను బాసాన్లు తోమేదాన్ని. ముందలోళ్ళు, ఎనకోళ్ళు అందరు పాట అందుకున్నరు. ఒక్క పోరడు మాత్రం పల్లవి దగ్గర్నే ఏడ్సెటోడు."

"గా పోరడు నేనని తెలుసా?"

"తెల్వక? మీ అవ్వ పెండ్లి సూపులకు అచ్చినప్పుడు మొదలు గదే అడిగిన. 'పోరడు సంగీతం బంద్ వెట్టిండా?' అని. వెట్టిండన్నంకనే ఒప్పుకున్న."

"మరి ఇన్నేండ్లు ఒక్కనాడన్న నాకు పాడి వినిపియ్యకపోతివి?"

"ఎవలడిగిన్రయ్యా? ఎప్పుడు సూసిన నువ్వే మాట్లాడుతివి."

గృహప్రవేశం నాడు జగిత్యాలలో బావ నన్ను దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. లసుమవ్వ పక్కనే కూర్చుని, నా వేలొకటి పట్టుకుని హార్మోనియం మెట్టొకదాని మీద పెట్టింది. "గిదొక్కటి ఒత్తుకోని ఉండు. నీ పాణం వోయినా ఇడువకు" అని చెవిలో చెప్పింది.

నేను విడవలేదు. ఆమె పాడుతూనే ఉంది, జనం ఇంకొకటి ఇంకొకటి అంటూనే ఉన్నారు, నా వేలు తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. ఆఖరున బావ వచ్చి నన్ను కావలించుకున్నాడు. "శ్రుతి మస్తు వట్టినవ్ బావా! ఏమో అనుకున్న గని!"

ముత్యంపేట నుంచి వచ్చిన చుట్టాలు మాత్రం నేరుగా లసుమవ్వ దగ్గరికి పోయారు. వచ్చే నెల వాళ్ళింట్లో కూడా పాడాలన్నారు.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు రాకుంటెట్ల బావా? పెట్టె ఎవలు మోస్తరు?" అన్నారు.

తిరుగు బస్సులో లసుమవ్వకు కిటికీ పక్కన సీటు దొరికింది. నాకు నిలబడే చోటు, నెత్తిన హార్మోనియం. బస్సు కుదిపినప్పుడల్లా అది మూలుగుతోంది, కింద నేను మూలుగుతున్నాను. కండక్టరు వచ్చి, "ఈ పెట్టె ఎవలదయ్యా? లగేజి కొట్టాలె" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే లసుమవ్వ అందుకుంది.

"పెట్టె నాదే. మోసెటాయన గూడ నావోడే."