చరిత్ర బాబాయి గ్రూపు

పొద్దున్నే ఫోన్లో వచ్చిపడే ‘చరిత్రలో ఈ రోజు’ మెసేజీలను విసుక్కునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట! ఇంకా పళ్లయినా తోముకోకముందే ఏ గ్రహానికి ఎన్ని వలయాలో తెలిసిపోవడం ఎంత అదృష్టం! మన తాతలకు దక్కిందా ఈ భాగ్యం?

మా వీధి చివరి చరిత్ర బాబాయినే తీసుకోండి. పొట్టకూటికి గడియారాలు రిపేరు చేస్తాడు, పుణ్యానికి ఫ్యామిలీ గ్రూపులో జ్ఞానం పంచుతాడు. ఏ తేదీన ఏ రాజు పోయాడో, ఏ ఓడ మునిగిందో, ఏ రాకెట్ ఎగిరిందో తెల్లారేసరికి పెట్టేస్తాడు. చుట్టాలంతా బొటనవేలి బొమ్మ నొక్కి, ‘సూపర్ బాబాయ్!’ అని తరించిపోతారు. చదవడమెందుకండీ? చదివితే ఒకరికే లాభం, నొక్కితే ఇద్దరికీ ఆనందం!

ఒక్క బాబాయి వదినగారికే ఆ విలువ తెలియలేదు. “పొద్దున్నే ఈ గోల నాకొద్దయ్యా మరిదీ” అని గ్రూపులోంచి వెళ్లిపోయింది. బాబాయి చాన్నాళ్లు ఆవిడతో మాట్లాడలేదు.

మొన్న మార్చి పదిన పిన్నికి గుండె ఆపరేషన్. ఆస్పత్రిలో ఒంటరిగా కూర్చోవాలంటే బాబాయికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ సంగతే గ్రూపులో పెట్టాడు. కానీ చరిత్రకారుడన్నాక కాలక్రమం తప్పుతాడా? ముందు 1876: టెలిఫోన్లో తొలి పిలుపు, ‘ఇలా రా, నిన్ను చూడాలి’. పక్కగదిలోని మనిషి వచ్చాడు. తర్వాత 1977: యురేనస్‌కు వలయాలున్నట్టు కనిపెట్టారు. అన్నిటికన్నా అడుగున, ఈ ఏడాది: ‘మీ పిన్నికి ఆపరేషన్. నాకు భయంగా ఉంది. ఒక్కరైనా రండి.’

ఇక చూడండి, బొటనవేళ్లే బొటనవేళ్లు! ‘అద్భుతం బాబాయ్!’ ‘ఇలాంటివి రోజూ పెట్టాలి!’ ఓ మేనల్లుడైతే చప్పట్లు కూడా కొట్టాడు.

పిన్నిని లోపలికి తీసుకెళ్లారు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా బాబాయి లేచి నిలబడ్డాడు. మనవాళ్లెవరూ దిగలేదు. చివరికి సిగ్గు చంపుకుని వదినకు ఫోన్ చేశాడు. గ్రూపులో లేని మనిషికి ఫోన్ చేయక తప్పుతుందా!

“వదినా, ఒక్కసారి ఇలా రాగలవా?”

“ముందే చెప్పొద్దూ! వస్తున్నా, కంగారుపడకు.”

తల కూడా దువ్వుకోకుండా వచ్చి పక్కన కూర్చుంది. బాబాయి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

పిన్ని క్షేమంగా బయటికొచ్చింది. సంతోషం పట్టలేక, “నిన్ను మళ్లీ గ్రూపులో చేరుస్తా వదినా” అన్నాడు బాబాయి.

“వద్దయ్యా బాబూ! నేనూ అందులో చేరితే, ఈసారి నువ్వు పిలిస్తే ఎవరొస్తారు?”