తునికిగుంపు బడి మైదానమున బెన్నీ నాణెము గెలిచిన వైనము

అఖిలజన ఘర్మబిందు సందోహ సిక్తమును, గోదావరీ సైకత నిర్గత ప్రచండ జ్వాలామాలికా పరివేష్టితమును, పొద్దు పది కొట్టకమునుపే మనిషిని పెనము మీది అట్టువలె రెండు ప్రక్కల కాల్చుటయందు దిట్టయునగు భద్రాచల పట్టణమున, చైత్రము ముగియకమునుపే గ్రీష్ముడు సేనాసమేతుడై దండెత్తి వచ్చిన ఒకానొక ఆదివారము ఉదయమున, ఒక మహావీరుడు శయ్య విడిచి లేచెను. లేచెననుట మర్యాద కొరకు. నిజమునకు ఆయన లేపబడెను. లేపినది ఆయన ఇల్లాలు.

ఓపిక గల వారలు కూర్చుండి వినుడు, లేనివారు నిలుచుండియైనను వినుడు. ఆ వీరుని పేరు బెన్నీ. మిక్సీల పాలిటి ధన్వంతరి, నీట మునిగిన సెల్‌ఫోనుల పాలిటి ఆపద్బాంధవుడు, బస్టాండు వెనుక సందులో రిపేరు దుకాణమునకు ఏకచ్ఛత్రాధిపతి. ఆయన ఇల్లాలి పేరు సంపూర్ణ. చర్ల అవతలి అడవి పల్లెలకు పోయి బిడ్డలకు సూదులు వేయు ఏఎన్ఎం. పిల్లలను ఏడిపించుటలోనూ, ఏడ్చినవారిని మరుక్షణమే నవ్వించుటలోనూ ఆమెకు ఆమెయే సాటి. ఇంట భర్త విషయమున మొదటి విద్య ఒక్కటే వాడుచుండెను.

ఇక మూడవది, ఈ కథకు మూలమైనది, ఒక యంత్రము. పైపు ముక్క దేహముగా, పాత టేపురికార్డరు స్పీకరు కంఠముగా, బకెట్ మూత పాదపీఠముగా, ఆ మూత చుట్టును ద్విశతావర్త తామ్రతంత్రీ వలయము నాడీమండలముగా వెలుగొందు ఆ మహాయంత్రమును బెన్నీ తన స్వహస్తములతో నిర్మించెను. నేలలో లోహమున్నచో అది కుయ్యిమని కూయును. ఏదో దేశమున పిల్లలాడుకొను మైదానములలో ఇటువంటి యంత్రము త్రిప్పి దోసెడేసి నాణెములు ఏరుకొను వారి వీడియో చూచిన నాటినుండి ఆయనకు తిండి సయించలేదు. అంతయు బాగుగనే యున్నది. కాని ఆ రాగితీగ ఎక్కడిదయ్యా అని అడుగుడు. పడకగది సీలింగు ఫ్యానుది. నాలుగు వారములుగా ఆ ఫ్యాను మూడు రెక్కలు చాచుకొని, కడుపులో ప్రేగులు లేక, పైకప్పునకు ఊరక వ్రేలాడుచుండెను. దాని క్రింద సంపూర్ణ నిద్రలేక మసలుచుండెను.

ఆ నాలుగు వారములలో బెన్నీ పట్టణమునందలి ప్రతి క్రీడాప్రాంగణమును జల్లెడ పట్టెను. దొరికిన కొల్లసొమ్ము ఇది: నూటనలువది రెండు సోడామూతలు, గంపెడు మేకులు, జడపిన్నులు, ఒక కుక్కగొలుసు. నాణెమను జాతి ఒక్కటియు దొరకలేదు. ఎట్లు దొరకును. పుల్ల ఐస్ కొనుటకు సైతము ఫోను చూపుచున్న ఊరిలో చిల్లర పారవేసుకొను భాగ్యవంతుడెవడు.

ఆ ఆదివారమునకు ముందటి గురువారము సాయంకాలము సంపూర్ణకు సహనము చచ్చినది. చెమటకు తడిసిన దిండు తెచ్చి యంత్రము ప్రక్కన పడవైచి, ఆమె తన శాసనము వినిపించెను.

"ఇగో సూడు. వచ్చే ఆదివారం నీకు ఆఖరు. పొద్దు గూకేలోపల ఒక్కటంటే ఒక్కటి, ఎవరిదో పోయిన బిళ్ల దొరికిందా, మిషన్ ఇంట్ల ఉంటది. దొరకలేదా, సోమవారం తీగంత విప్పి ఫ్యాన్‌కు చుట్టిస్తున్న. మళ్ల దాని పేరెత్తొద్దు."

ఆ పలుకులు వినినంతనే వీరుని నేత్రములు కెంపులయ్యెను, మీసము మెలిపడెను, వక్షస్థలము పొంగెను. "ఓసి తామ్రలుబ్ధా, వ్యజనమాత్ర సుఖాభిలాషిణీ, వినుము. కులపర్వతములు కూలినను, సప్తసముద్రములింకినను, భూగర్భాంధకార నిలీన నాణెరత్నమును పెకలించి నీ పాదముల చెంత పడవేయక ఈ బెన్నీ వెనుదిరుగడు" అని ఆయన మనసులో గర్జించెను. నోటివెంట వచ్చినది మాత్రము "సరే తియ్, జర చాయ్ పెట్టు" అని.

చాయ్ త్రాగుచుండగా ఆయనకు జ్ఞానోదయమైనది. సిగ్నలు లేని చోటనే చిల్లర యుండును. సిగ్నలు లేని చోటు ఏదని అడుగగా, సంపూర్ణ ఏ మాటకా మాట చెప్పు మనిషి గనుక, తన డ్యూటీలో ఉన్న తునికిగుంపు పేరు చెప్పెను. అడవి అంచున నలుబది ఇండ్లు, ఒక బడి, బడి ముందర విశాలమైన మైదానము, ఒక ఉయ్యాల, ఒక జారుడుబల్ల. మరునాడు సూదులు వేయ పోయినప్పుడు, ఆ ఊరి పెద్దమనిషి పగిడయ్యకు ఆమెయే చెప్పి వచ్చెను. "ఆదివారం మా ఆయన మిషన్ పట్టుకొని వస్తడు. గ్రౌండ్‌ల పోరగాళ్లను జర పక్కకు ఉంచు."

పగిడయ్య ఏ మిషనని అడుగలేదు. ఆ ప్రాంతమున అడుగ పనిలేదు. నేలమీద కర్రవంటి యంత్రమును త్రిప్పువారు అక్కడ ఒక్కరే గలరు: పెద్ద ఆఫీసర్లు వచ్చుటకు ముందు రోడ్డు క్రింద బాంబులున్నవేమోయని చూచు పోలీసు క్యాంపువారు. ఆ యంత్రము వచ్చినచో పశువులను తోలుకొని దూరము పోవలెను, అది కూసినచో బోర్లా పడుకొనవలెను. ఈ సంగతి అక్కడి మేకలకు సైతము తెలియును. సంపూర్ణకు తెలియదా అందురేమో. తెలియును. కాని ఆ యంత్రమును ఇంట తిట్టి తిట్టి, ఆమె కంటికి అది తన ఫ్యానుగా తప్ప మరొకటిగా కానరాకుండపోయెను.

అట్లు ఆదివారము మొదటి ఆరాధన ముగిసినంతనే, వీరుడు ద్విచక్ర రథమునెక్కెను. వెనుక సంపూర్ణ ఒడిలో యంత్రమును పసిబిడ్డవలె పట్టుకొని కూర్చుండెను. తీర్పు చెప్పువారు పోరు చూడవలెను గదా. చర్ల దాటినంతనే రోడ్డు కూడ వారికి సెలవు చెప్పినది. గుంతకొక్కసారి ఎగురుచు, పడుచు, మధ్యాహ్నము మూడు గంటల వేళ వారు తునికిగుంపు చేరిరి.

చేరి చూతురుగదా, మైదానము నిర్మానుష్యము. ఖాళీ ఉయ్యాల గాలికి ఊగుచున్నది. రోడ్డునకు ఆవలి ప్రక్కన, మోకాలెత్తు గడ్డిలో, ఊరు ఊరంతయు బారులు తీరి కూర్చున్నది. ముందర పగిడయ్య తలపాగా సర్దుకొని కేక వేసెను.

"సార్, అందరం ఇవతలికొచ్చినం. మేకల్ని గూడ తోలినం. ఇగ మీరు మొదలువెట్టున్రి."

బెన్నీ ఇల్లాలి వైపు తిరిగెను. "సూసినవా. పనోనికి ఇచ్చే మర్యాద గిట్లుంటది" అనెను. సంపూర్ణ బడి వరండాలో నీడకు చేరెను.

అంతట ప్రారంభమయ్యెను మహాసంగ్రామము. కుడినుండి ఎడమకు, ఎడమనుండి కుడికి యంత్రదండమును భ్రమింపజేయుచు, మార్తాండ మయూఖ శరపరంపరలను నడినెత్తిన సహించుచు, అడుగునకు అడుగుగా ఉయ్యాల క్రిందికి చొచ్చుకొనిపోయెను మన యోధుడు. కుయ్యిమన్నది యంత్రము. వెనుక దబదబమని ఏదో చప్పుడైనది. రణరంగమున వెనుదిరిగి చూచుట వీరలక్షణము కాదు గనుక బెన్నీ చూడలేదు. మోకరిల్లి, స్క్రూడ్రైవరు దూసి, నేలను పొడిచి, వెలికిదీసి, చేయెత్తి చూపెను. అది మేకు. గడ్డిలోనుండి "హమ్మయ్య" అని ఒక్క గొంతుగా నిట్టూర్పు వినవచ్చెను, ఆ వెంటనే చప్పట్లు.

పుట్టి బుద్ధెరిగిన తరువాత బెన్నీకి ఎవరును చప్పట్లు కొట్టి ఎరుగరు. ఆయన కన్నులు చెమర్చెను. రెట్టించిన బలముతో జారుడుబల్ల దిక్కునకు దుమికెను. రెండవ కూతకు సోడామూత. మూడవ కూతకు పెన్సిలు చెక్కుకొను బ్లేడు. నాలుగవ కూతకు తుప్పుపట్టిన కంపాసు ముక్క. కూత కూతకు వెనుక దబదబ, త్రవ్వకము త్రవ్వకమునకు నిట్టూర్పు, చప్పట్లు. సూర్యుడు మాత్రము ఎవరికొరకును ఆగక చెట్ల మీదికి దిగుచుండెను, నాణెము మాత్రము లేదు.

ఆ నాలుగవ కూతప్పుడు వరండాలోని సంపూర్ణ చూపు గడ్డి వైపునకు పోయినది. అక్కడ డెబ్బదేండ్ల భీమక్క, తాను నెలనెల మోకాళ్ల నొప్పులకు గోళీలిచ్చు భీమక్క, నేలకు ముక్కు ఆనించి బోర్లా పడుకొని యుండెను. ఆమె ప్రక్కన పగిడయ్య, ఆయన ప్రక్కన ఊరు. సంపూర్ణకు అంతయు అర్థమైనది. పరుగున పోయెను.

భీమక్క తలయెత్తకయే ఆమె చీర కుచ్చెళ్లు పట్టి లాగెను. "సిస్టరమ్మా, నువ్వు గూడ పండుకో. అది కూత్తున్నది."

"అవ్వా, లెవ్వు. అది బాంబులది గాదు. నేను చెప్పుడే తప్పయింది."

"మరి ఏంది గది?"

"పోయిన బిళ్లలు దేవులాడేది. రూపాయి, రెండ్రూపాయలు, గట్ల."

మాట వరుస వెంట ప్రాకెను. ఊరు లేచి కూర్చుండెను. పగిడయ్య లేచి నిలువబడి, లుంగీకంటిన మన్నును నిదానముగా దులుపుకొనెను. "రూపాయి కోసం మేకల్ని తోలినమా" అని మెల్లగా అడిగెను. ఆ మెల్లదనమునకే బెన్నీ చేతిలోని కంపాసు ముక్క జారిపడెను.

అయ్యో, ఏమని చెప్పుదును. కీర్తిశిఖరాగ్రమునుండి అపకీర్తి పాతాళమునకు ఇంత వేగముగ జారినవాడు లేడు. "తల్లీ భూదేవీ, నోరు తెరిచి నన్ను మ్రింగుము" అని వేడుకొనెను గాని, తెరిచినచో అందును మేకులే యుండునని ఆయనకు అనుభవమాయెను. చేతులు జోడించి రోడ్డు దాటి వచ్చెను. "నాకు తెల్వదు పెద్దాయనా. చప్పట్లు నాకే అనుకున్న" అనెను. నిజము పలుకుచున్నాడని అందరికిని తెలియుచుండెను. అందువలననే కొందరికి నవ్వు వచ్చెను.

ఆ నవ్వు నడుమ భీమక్క తన కొంగు తడుముకొని కొయ్యబారెను. ముడి విడిపోయి యున్నది. "నా ఐదు రూపాయల బిళ్ల. మంగళవారం సంతల పొగాకుకు పెట్టుకున్న. నాలుగుమాట్ల పండవెడితిరి, యాడనో పడ్డది" అని ఆమె దిగులుగా గడ్డిలో చేయిపెట్టి వెదుకసాగెను. ఊరంతయు వెదికెను. ఆ గడ్డిలో ఐదు రూపాయలు కాదు, ఐదు మేకలు పోయినను దొరుకవు. వెదికి వెదికి అలసి, ఒక్కొక్కరే తలయెత్తి బెన్నీ చేతిలోని యంత్రమును చూచిరి.

సంపూర్ణయు చూచెను. పొద్దు చెట్ల చివరలకు దిగినది. "ఇంక గంట గూడ లేదు" అని మాత్రము అనెను.

ఇది గదా అసలు యుద్ధము. ఇందాక ఆమడ దూరమున నిలిచిన సేన ఇప్పుడు వీరుని వీపునంటి నడువసాగెను. యంత్రము భీకరముగా అరచెను: భీమక్క కాలి కడియములు. "అవి నావే" అని ఆమె కాలు వెనుకకు తీసికొనెను. మరల అరచెను: పగిడయ్య మొలలోని కత్తి. ఆయన చిన్నబుచ్చుకొని దూరము జరిగెను. బ్యాటరీ నీరసించి యంత్రకంఠము పిల్లికూనవలె సన్నగిల్లినది. బెన్నీ నేలకు చెవి యొగ్గి, ఘర్మజలధారలు కన్నులను కప్పుచుండగా, మోకాళ్లపై ప్రాకుచు, గడ్డిదుబ్బులను ఒక్కటొక్కటిగా గాలించుచు ముందుకు సాగెను. సంపూర్ణ తనకు తెలియకయే పెదవులు కదలించి ప్రార్థింపసాగెను. మిషను ఓడిపోవలెనని నాలుగు వారములు కోరుకొన్నది ఈమెయే.

కుయ్.

ఈసారి ఎవరును పడుకొనలేదు. అలవాటు చొప్పున పగిడయ్య ఒక్కడు పడుకొని, చుట్టును చూచి, ఏదో వెదుకుచున్నట్లు నటించుచు లేచెను. బెన్నీ వ్రేళ్లు గడ్డివేరుల నడుమ దూరి, ఆగి, పైకి వచ్చెను. ఆ రెండు వ్రేళ్ల నడుమ, సంధ్యారుణ కిరణ చుంబితమై, మృత్తికా లిప్తమై, తళుక్కున మెరసెను పంచరూప్యక నాణెము. "దొరికింది" అనెను వీరుడు.

భీమక్క బిళ్లను పుచ్చుకొని, కండ్లకద్దుకొని, కొంగున రెండు ముళ్లు వేసెను. పగిడయ్య మాత్రము న్యాయము తెలిసిన మనిషి. "మీ మిషన్ తోనే పోయె, మీ మిషన్ తోనే దొరికె. దీంట్ల గెలిచిందేంది సార్" అని అడిగెను. మోకాళ్లు చిరిగిన ప్యాంటుతో, ముక్కుమీద మన్నుతో, బెన్నీ ఇల్లాలి మొగము చూచుచు నిలుచుండెను.

సంపూర్ణ ఆ ముక్కుమీది మన్నును చూచెను. నాలుగు వారముల నిద్ర ఒకవైపు లాగినను, ఆమెకు జాలి వేసినది. జాలి వెంట నవ్వు వచ్చినది. "పోయింది, దొరికింది. నేనన్నది గంతే. మిషన్ ఉండనియ్" అనెను. ఊరు మరల చప్పట్లు కొట్టెను, ఈసారి నిజముగా ఆయనకే.

అంతట భీమక్క, ఎండకు తలకడ్డము పెట్టుకొన్న తాటాకు విసనకర్రను ముందుకు చాచెను. "నీకియ్యనీకి నా దగ్గర ఇంకేం లేదు బిడ్డా. గిది పట్టుకపో." వీరుడు అందుకొనబోవునంతలో సంపూర్ణయే దానిని తీసికొని, తన మెడవైపు రెండుమార్లు విసురుకొని, కన్నులు మూసి, నాలుగు వారములలో మొదటి చల్లగాలిని ఆస్వాదించెను. తరువాత దానిని భర్త చేతిలో పెట్టి, పిడికిలి మూసెను. "ఫ్యాన్ లేనన్ని దినాలు ఇది నీ పని. నేను పండుకున్నంక గూడ ఆపొద్దు."

జనులారా, ఇట్లు జగత్తునందలి నాణెముల లెక్క ఒక్కటియు పెరుగక, ఒక్కటియు తరుగక, ఏ కొంగునుండి జారినది ఆ కొంగునకే చేరిన ఐదు రూపాయల బిళ్ల సాక్షిగా, బెన్నీ జగద్విజేతయై, వామహస్తమున యంత్రమును, దక్షిణహస్తమున తాళపత్ర వ్యజనమును ధరించి స్వగృహము ప్రవేశించెను. విసరెను. నేటికిని విసరుచునే యున్నాడు. వానలు పడుటకు ఇంకను రెండు నెలలున్నవి.